విన్నంతలో: ఎత్తుగడలు

పోయిన నెల ఈ శీర్షికలో రంగస్థల పద్యాల గురించి రాస్తే షార్జా నుంచి ఒక సభ్యులు ఉత్తరం రాశారు. "మీరెప్పుడూ పద్యాలూ హరికథలూ అంటూ కూర్చుంటారు. మా ఇంట్లో పిల్లవాడు రాత్రింబవళ్ళు కరెంటు గిటారు మోగిస్తున్నాడు. అందులో వినదగ్గది ఏమైనా ఉందా, లేక చెవుల్లో దూది పెట్టుకోవడమే మార్గమా?" అని అడిగారు. దూది అప్పుడే కొనకండి. వినదగ్గది చాలానే ఉంది. నాకు నచ్చిన నాలుగైదు ముక్కలూ, వాటిని వాయించిన మనుషుల సంగతులూ ఈ నెల చెబుతాను.

గిటారు వాళ్ళు రిఫ్ అనేదాన్ని మన సినిమా పాటల భాషలో బిట్ అంటాం. గాయకుడు నోరు తెరవక ముందే, మొదటి నాలుగు సెకన్లలోనే "ఆ పాటే!" అని అంత్యాక్షరిలో ఎవరో ఒకరు అరుస్తారే, అలా అరిపించేది. అయితే బిట్లన్నీ రిఫ్‌లు కావు. రిఫ్ పాటలో తిరిగి తిరిగి రావాలి, బుర్రకథలో వంతల వాళ్ళు అందుకునే తందాన లాగ. పాట మొత్తం దాని భుజాల మీద నిలబడాలి. సోలో అనేది వేరు. అది మన కల్పన స్వరాల వంటిది, వేళ్ళు పరుగెత్తాలి, దమ్ము కావాలి. రిఫ్‌కి అంత పరుగు అక్కర్లేదు, మూడు నాలుగు స్వరాలుంటే చాలు. పల్లవి ఎత్తుగడ ఎలాగో ఇదీ అలాగే. నన్నడిగితే రిఫ్‌కి తెలుగు మాట ఎత్తుగడే.

మూడు స్వరాలతో ప్రపంచాన్ని చుట్టి వచ్చిన ఎత్తుగడ ఒకటుంది. రోలింగ్ స్టోన్స్ బృందంలో గిటారు వాయించే కీత్ రిచర్డ్స్ 1965లో ఒక రాత్రి నిద్రలో లేచి, పక్కనున్న కేసెట్ రికార్డరు నొక్కి, రెండు ముక్కలు వాయించి మళ్ళీ పడుకున్నాడు. పొద్దున్న టేపు వింటే కాస్త గిటారూ, మిగతాదంతా తన గురకాను. ఈ సంగతి ఆయనే చెప్పుకున్నాడు. 'శాటిస్‌ఫాక్షన్' అనే పాటకు అదే ఎత్తుగడ. మన లెక్కలో పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం. పైకి వెళ్ళి కిందికి రావడం, అంతే. రిచర్డ్స్ ఉద్దేశంలో అది బాకాలు ఊదవలసిన వరస. బాకాల వాళ్ళు వచ్చేదాకా గుర్తు కోసం గిటారు మీద వాయించి పెట్టాడు, ఆ గుర్తే రికార్డయి బజారు కెక్కింది.

అందులో వినబడే గరగర శబ్దాన్ని ఫజ్ అంటారు. దాని పుట్టుక తమాషాగా ఉంటుంది. 1961లో వచ్చిన ఒక అమెరికన్ పాటకు నాష్‌విల్లో రికార్డింగు జరుగుతుండగా పరికరంలో ఒక భాగం చెడిపోయి బేస్ గిటారు గరగరలాడింది. దాన్ని పారేయకుండా ఉంచేశారు. అక్కడి ఇంజనీరు ఆ గరగరను కావాలన్నప్పుడు పుట్టించే పెట్టె ఒకటి తయారు చేశాడు. రిచర్డ్స్ కాలితో నొక్కింది ఆ జాతి పెట్టెనే. మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో గొట్టం మైకు ఇలా గరగరలాడితే మైకుసెట్టు అతన్ని తిట్టిపోసేవాళ్ళం. ఇప్పుడు అదే గరగర కోసం పిల్లలు దిర్హములు పోసి పెట్టెలు కొంటున్నారు.

ఇక గిటారు అమ్మే కొట్టు ఏ దేశంలో ఉన్నా సరే, కుర్రవాళ్ళు గిటారు చేతిలోకి తీసుకోగానే మొదట వాయించి చూసే ముక్క ఒకటే. దాని పుట్టుక కథ మనకు కాస్త దగ్గరిది, కనీసం తేదీల్లో. 1971 డిసెంబరు 2న ఆరు ఎమిరేట్లు కలిసి ఈ దేశం ఏర్పడింది. సరిగ్గా రెండు రోజుల తరువాత, డిసెంబరు 4న, స్విట్జర్లాండులో మాంత్రో అనే ఊళ్ళో సరస్సు ఒడ్డున ఉన్న కేసినోలో కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఎవరో కప్పు మీదికి నిప్పురవ్వల తుపాకీ పేల్చారు. కేసినో అంతా కాలిపోయింది. అదే భవనంలో తమ రికార్డు చేసుకోవాలని ఇంగ్లండు నుంచి వచ్చిన డీప్ పర్పుల్ బృందం, సరస్సు నీళ్ళ మీద పరుచుకున్న పొగను చూస్తూ నిలబడింది. ఆ పొగే పాట పేరయింది, 'స్మోక్ ఆన్ ద వాటర్'. వాయించిన వాడు రిచీ బ్లాక్‌మోర్. 1972లో రికార్డు వచ్చింది.

ఆ ఎత్తుగడలో నాలుగే స్వరాలున్నాయి. షడ్జం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ఒక్క క్షణం మెరిసి పోయే ప్రతి మధ్యమం. రెండు మధ్యమాలు పక్కపక్కనే రావడంతో ఆ ముక్కకు కాస్త పొగరు వచ్చింది. కుర్రవాళ్ళు చాలామంది ఒంటి తీగ మీద వాయించి అదే అనుకుంటారు. బ్లాక్‌మోర్ వాయించింది రెండు తీగల మీద. ప్రతి స్వరాన్నీ షడ్జమనుకుంటే దాని మంద్ర పంచమాన్ని కూడా కలిపి, మీటుముక్కతో కాకుండా వేళ్ళతో, రెండు తీగలూ ఒక్కసారే పలికేలా లాగాడు. అందుకే అది జేగంట మోగినట్టు ఉంటుంది. షార్జా సభ్యుల అబ్బాయి ఇది ఎలా వాయిస్తున్నాడో గమనించండి. రెండు తీగలు లాగుతుంటే గురువు దొరికినట్టే.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఇష్టమైన మనిషి దగ్గరికి వస్తాను. పేరు టోనీ అయోమీ. 1948లో ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ లో పుట్టాడు. మన ముసఫ్ఫా లాగ ఎటు చూసినా ఇనుము, రేకులు, వెల్డింగు నిప్పులుండే పారిశ్రామిక నగరం అది. పదిహేడేళ్ళకే రేకుల ఫ్యాక్టరీలో పని. బృందంతో వాయించడానికి పోతున్నాడు కనుక ఉద్యోగం మానేశాడు, ఆ రోజు ఆఖరి రోజు. ప్రెస్ మిషను కుడిచేతి రెండు వేళ్ళ కొసలు తెంపేసింది. అతనిది ఎడమచేతి వాటం, అందుచేత తీగలు నొక్కవలసినవి ఆ వేళ్ళే. వైద్యులు గిటారు సంగతి మరచిపొమ్మన్నారు.

ఫ్యాక్టరీ ఫోర్‌మన్ ఒక రికార్డు పట్టుకుని చూడటానికి వచ్చాడు. వినమన్నాడు. విన్నాక చెప్పాడు, ఆ వాయిస్తున్న జాంగో రైన్‌హార్ట్ కి బండిలో నిప్పంటుకుని ఎడమచేతిలో రెండు వేళ్ళు పనికి రాకుండా పోయాయని. అయోమీ ఇంటికి పోయి ప్లాస్టిక్ సీసా కరిగించి, వేలి కొసలకు సరిపోయేలా గుళ్ళు చేసుకుని, సానబట్టి, వాటి మీద పాత తోలు ముక్క అంటించి తొడుక్కున్నాడు. ఆ గుళ్ళకు తీగ స్పర్శ తెలియదు. గట్టి తీగలు నొక్కితే నొప్పి. అందుకని బాంజో తీగల వంటి సన్న తీగలు వేశాడు. కొన్నాళ్ళకు తీగల బిగువు తగ్గించి శ్రుతిని మూడు మెట్లు దించాడు. దించేసరికి శబ్దం బరువెక్కింది. బ్లాక్ సబ్బత్ అనే అతని బృందం మొదటి రికార్డు 1970లో వచ్చింది. ఈనాడు హెవీ మెటల్ అని పిల్లలు వినే సంగీతమంతటికీ ఆ బరువే పునాది.

ఈ కథ ముసఫ్ఫాలో ఒక తెలుగు మేస్త్రికి చెప్పాను. మెట్‌పల్లి వైపు మనిషి. క్యాంపులో సెలవు రోజు భజనకు డోలక్ వాయిస్తాడు. నిరుడు అతనికీ ప్రెస్ కింద ఎడమ చూపుడు వేలి కొస పోయింది. పరిహారం కాగితాలు ఎనిమిది నెలలుగా బల్ల మీంచి బల్ల మీదికి తిరుగుతున్నాయి. నేను శ్రుతి దించడం గురించీ, సన్న తీగల గురించీ ఉత్సాహంగా చెప్పుకుపోతుంటే మధ్యలో ఆపి, "గాయినకు కంపెనోళ్ళు పైసలిచ్చిన్రా సార్?" అన్నాడు. నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. మరుసటి వారం భజనకు పోతే మేస్త్రి వేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడిగి డోలక్ ఎడమవైపు వాయిస్తున్నాడు. గుమకం మాత్రం అంత బాగా పలకడం లేదని అతనే చెప్పాడు. పలుకుతోంది, నేను విన్నాను.

అయోమీ సంగీతంలో మనవాళ్ళకు ఆసక్తి కలిగించే విషయం మరొకటుంది. బృందం పేరే పెట్టుకున్న మొదటి పాటలో ఎత్తుగడ కింది షడ్జం, పై షడ్జం, అక్కణ్ణించి జారి ప్రతి మధ్యమం మీద వణుకుతూ ఆగడం. ఇంతే. పడమటి దేశాల వాళ్ళకు షడ్జం పక్కన ప్రతి మధ్యమం వినబడితే వెనకటి నుంచీ గుండెలు గుబగుబలాడతాయి. దానికి సైతాను పేరు కూడా పెట్టారు. మనకేమో 72 మేళకర్తల్లో సరిగ్గా సగం, 36, ప్రతి మధ్యమం ఉన్నవే. కల్యాణిలో శుభమా అని పెళ్ళిపాటలు పాడుకుంటాం. ఒకరి సైతాను ఇంకొకరింట్లో పేరంటానికి వచ్చినట్టుంది!

ఈ రాగాల మాట వచ్చింది కనుక ఉగాది కార్యక్రమాల కమిటీలో జరిగిన తగువు ఇక్కడే చెప్పేస్తాను. సభ్యులకు ఎలాగూ తెలిసిపోయింది. మనవాళ్ళ కుర్రవాడు ఒకడు, పదిహేడేళ్ళు. ఇక్కడే పుట్టాడు. పాట క్లాసుకు గీతాల దాకా వచ్చి మానేశాడు. ఆగస్టులో చదువుకు వేరే దేశం వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ మన ఉగాదికి వేదిక మీద కనబడతాడో లేదో. వాళ్ళమ్మ వచ్చి "వాడికి పది నిమిషాలు ఇవ్వండి, గిటారు వాయిస్తాడు" అని అడిగారు. ఒక పెద్దాయన అడ్డం తిరిగారు. త్యాగరాజ కీర్తన పాడిన వేదిక మీద ఆ మోత ఏమిటన్నారు. నేను వయొలిన్ మాట ఎత్తాను. అదీ దొరలతో వచ్చిందే కదా, బాలుస్వామి దీక్షితులు నేర్చుకుని మన సంగీతానికి ఒప్పించారు, ఇప్పుడది లేని కచేరీ ఉందా అన్నాను. "వయొలిన్ కి కరెంటు అక్కర్లేదు" అన్నారాయన. అదీ నిజమే.

అప్పుడు కుర్రవాణ్ణే వాయించమన్నాను. మొదట సరళీ స్వరాలు, తరువాత 'మిసిర్లూ'.

మిసిర్లూ సంగతి తెలియని వారికి చెప్పాలి. ఈజిప్టు అమ్మాయి అని దాని అర్థం. ఆసియా మైనరు గ్రీకుల మధ్యా, అరబ్బుల మధ్యా ఏనాటి నుంచో తిరిగిన వరస. 1927 నాటికే రికార్డయింది. అమెరికాలో 1962లో డిక్ డేల్ అనే ఆయన దాన్ని ఎలక్ట్రిక్ గిటారు మీద వాయించాడు. ఆయన తండ్రి వైపు వాళ్ళు లెబనాను నుంచి వలస వెళ్ళినవారు. చిన్నప్పుడు బాబాయి ఊద్ మీద ఈ వరస వాయిస్తుంటే విన్నాడట. ఒంటి తీగ మీద పాట మొత్తం వాయించగలవా అని ఎవరో అడిగితే, బాబాయి గుర్తుకొచ్చి దీన్ని ఎత్తుకున్నాడు. ఊద్ మీద మెల్లగా నడిచేదాన్ని మిషను తుపాకీ వేగంతో మీటాడు. ఎడమచేతి వాటం మనిషి, కుడిచేతి వాళ్ళకు బిగించిన గిటారును తీగలు మార్చకుండా తిరగేసి పట్టుకుని వాయించేవాడు. 1994లో ఒక హాలీవుడ్ సినిమా పేర్ల మీద ఈ ముక్క పెట్టడంతో కొత్త తరానికీ తెలిసింది. డేల్ 2019లో పోయాడు.

దాని స్వరాలు చూడండి. శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కాకలి నిషాదం. అరబ్బులు హిజాజ్ కార్ అంటారు. మనం మాయామాళవగౌళ అంటాం, పురందరదాసు కాలం నుంచి పిల్లల చేత మొట్టమొదట దిద్దించే రాగం. కుర్రవాడు సరళీ స్వరాలు మూడు కాలాల్లో వాయించి, ఆపకుండా మిసిర్లూలోకి దూకాడు. గమకాలు లేవు గనుక దాన్ని రాగం అనను, స్వరాల మెట్లు మాత్రం అవే. పెద్దాయన కళ్ళు మూసుకుని వేళ్ళు లెక్కబెట్టారు. "మాయామాళవగౌళేనయ్యా ఇది!" అన్నారు. ఒక్క క్షణం ఆగి, "మోత మాత్రం తగ్గించమను" అన్నారు. పది నిమిషాలు మంజూరయ్యాయి. కుర్రవాడు ఆ సాయంత్రమంతా ఒక్క మాటా మాట్లాడలేదు. పోయేటప్పుడు మాత్రం పెద్దాయన దగ్గరికి వెళ్ళి, రెండో కాలంలో తాను తడబడిన చోటు మళ్ళీ పాడించుకున్నాడు.

అరబ్బు సంగీతంలో ఎలక్ట్రిక్ గిటారుకి ఇలాంటి తగువే ఒకప్పుడు కైరోలో పెద్ద ఎత్తున జరిగింది. 1964లో ఉమ్ కుల్సుం పాడిన 'ఎంత ఒమ్రీ'కి ముహమ్మద్ అబ్దుల్ వహాబ్ బాణీ కట్టారు. ఆవిడకు ఆయన కట్టిన మొదటి బాణీ అదే. అందులో వయొలిన్ల మధ్య, ఖానూన్ మధ్య ఎలక్ట్రిక్ గిటారు పెట్టారు. సంప్రదాయం పాడైందని గోల చేసిన వారు లేకపోలేదు. ఇప్పుడు ఆ గిటారు లేకుండా ఆ పాటను ఊహించుకోలేరు. మా ఆఫీసులో ఈజిప్టు అకౌంటెంట్ నెలాఖరు లెక్కలు సరిపోయిన రోజున నోటితో గుణిసేది ఆ గిటారు ముక్కనే. గిటారు మెడ మీద బిగించిన మెట్లలో అరబ్బు సంగీతపు పావు స్వరాలు దొరకవు. ఎంత ఒమ్రీ కుర్ద్ మకాంలో నడుస్తుంది, దానికి పావు స్వరాలతో పని లేదు, గిటారు మెట్లే సరిపోతాయి. కుర్ద్ అంటే మన హనుమతోడి స్వరాలు. ఉమ్ కుల్సుం 1971 నవంబరులో అబూధాబి వచ్చి పాడారు. ఈ దేశం పుట్టడానికి కొద్ది రోజుల ముందన్న మాట.

ఆ తరువాత ఆవిడ వాద్యబృందంలోకీ, అబ్దుల్ హలీం హాఫిజ్ బృందంలోకీ వచ్చిన గిటారు వాద్యకారుడు ఒమర్ ఖుర్షీద్. నల్ల సూట్లు వేసుకున్న వయొలిన్ విద్వాంసుల మధ్య సినిమా హీరోలా కూర్చునేవాడు, సినిమాల్లో నటించాడు కూడా. ఒక్కొక్క స్వరాన్ని వణికిస్తూ, ఊద్ మీటినట్టు మీటేవాడు. 1981లో కారు ప్రమాదంలో పోయాడు, 36 ఏళ్ళు నిండలేదు. పాత వీడియోలు దొరుకుతాయి, వెతికి చూడండి.

మన తెలుగువాడి దగ్గరికి రాకుండా ముగిస్తే పాలకొల్లు వాళ్ళు నన్ను బతకనివ్వరు. 1969లో అక్కడ పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ వాయించింది గిటారు కాదు, మేండొలిన్. కానీ కరెంటు మేండొలిన్. మామూలు మేండొలిన్ కి జంటలు జంటలుగా ఎనిమిది తీగలుంటాయి, మీటిన స్వరం వెంటనే చచ్చిపోతుంది. అంత పొట్టి స్వరం మీద గమకం ఎక్కడ పట్టుకుంటారు? ఆయన ఒంటి తీగలు ఐదు పెట్టి, బోలు లేని చెక్కకు పికప్ బిగించి, ఆంప్లిఫయర్ కు కలిపారు. స్వరం నిలబడింది. నిలబడ్డ స్వరాన్ని లాగి, జార్చి, తోడి గాంధారాన్ని ఊపగలిగారు. నాన్నగారు సత్యనారాయణ క్లారినెట్ విద్వాంసులు. గురువు రుద్రరాజు సుబ్బరాజు గారు, చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. ఆయనకు మేండొలిన్ రాదు. నోటితో పాడేవారు, పిల్లవాడు తీగ మీద పట్టుకునేవాడు. బహుశా అందుకే ఆ వాద్యం పాడినట్టుంటుంది. 1978లో గుడివాడ త్యాగరాజ ఉత్సవంలో మొదటి కచేరీ. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో జర్మనులను కూర్చోబెట్టాడు, వయసు పద్నాలుగు. 2014లో 45 ఏళ్ళకే పోయారు. వయొలిన్ కి కరెంటు అక్కర్లేదన్న పెద్దాయన ఇంట్లో శ్రీనివాస్ కేసెట్లు పదకొండున్నాయి, నేను లెక్కబెట్టాను.

ఇక మద్రాసు స్టూడియోలు. మన కేసెట్ల అట్టల మీద హీరో బొమ్మ, సంగీత దర్శకుడి పేరు, గాయనీ గాయకుల పేర్లు ఉండేవి. గిటారు ఎవరు వాయించారో ఉండేది కాదు. బాలు గారు పాడిన తమిళ పాట 'ఇళయ నిలా', 1982 నాటిది, మనలో తమిళం రాని వాళ్ళం కూడా ఆ గిటారు కోసమే వినేవాళ్ళం. అది కరెంటు లేని గిటారు. వాయించినది ఆర్. చంద్రశేఖర్ అనే ఆయన. ఇళయరాజా బృందంలో లీడ్ గిటారు సదానందం, బేస్ గిటారు శశిధరన్. రాజా గారే గిటారు చేతబట్టి స్టూడియోల్లో పని మొదలుపెట్టినవారు గనుక, ఆయన పాటల్లో కింద నడిచే బేస్ గిటారు ఒక రెండో పాట పాడుతూ ఉంటుంది. గీతాంజలి పాటలు మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, బాలు గారిని కాసేపు పక్కన పెట్టి, కింది గొంతు ఒక్కటే పట్టుకుని వినండి. హిందీలో 'దమ్ మారో దమ్' గిటారు భూపిందర్ సింగ్ ది, గజళ్ళు పాడిన ఆ భూపిందరే. ఇది విని నోరు తెరిచినవాళ్ళను చాలామందిని చూశాను.

2022 మార్చిలో దుబాయి ఎక్స్‌పోలో రాజా గారి కచేరీకి మనవాళ్ళు గుంపులుగా వెళ్ళారు. మర్నాడు అందరూ గాయకుల గురించే మాట్లాడారు.

ఉగాదికి కుర్రవాడితో పాటు కీబోర్డు, తబలా, డోలక్, మొత్తం ఏడుగురు వాయిస్తున్నారు. డోలక్ మన మెట్‌పల్లి మేస్త్రిది. కరపత్రంలో ప్రతి ఏడూ "వాద్య సహకారం: సభ్యులు" అని వేస్తున్నారు. ఈసారి ఏడుగురి పేర్లూ వేయమని కార్యదర్శి గారిని అడిగాను. కాగితంలో చోటు చాలదన్నారు. అధ్యక్షుల వారి సందేశం నాలుగు పంక్తులు తగ్గించమన్నాను. ఆలోచిస్తామన్నారు.